నిలువున్నర

రాత్రి రెండున్నరకి
న్యూమార్కెట్ గుర్రాల ఆసుపత్రి బల్ల మీద
నాలుగు కాళ్లూ పైకెత్తి వెల్లకిలా ఉంది పెరివింకిల్.
ఐదువందల నలభై కిలోల నిద్ర.
పేగు మెలిపడింది.
కోసేవాళ్లకి కడుపు కనిపిస్తుంది.
నాకు కనిపించేది దవడ దగ్గర
సన్నని ధమనిలోకి నేను గుచ్చిన సూది,
తెర మీద పాకే ఎర్ర గీత.
తోకకీ ఒక పట్టీ కట్టాను.
ఈగల్ని తోలే తోక ఈ రాత్రి లెక్క చెబుతోంది.
రెండు లెక్కలూ కలవవు. సూదినే నమ్ముతాను.

అరవై ఎనిమిది. అరవై నాలుగు.
ఇలాగే ఉంటే కండలు
తమ బరువు కింద తామే నలుగుతాయి,
లేవాల్సిన వేళకి కాళ్లు మాట వినవు.
గుర్రం లేవకపోవడమంటే ఏమిటో
అద్దం అవతల ఖాళీ పగ్గం పట్టుకు నిలబడ్డ జెత్రోకి
ఎవరూ చెప్పక్కర్లేదు.

మందు చుక్కలు పెంచాను. ఇక చూడటమే.

చూస్తుంటే గుర్తొస్తుంది ఆ ఇంకో ఆడగుర్రం.
మూడొందల ఏళ్ల కిందట, ఒక డిసెంబరులో,
ఆదివారాలు ప్రార్థన చేయించే ఒకాయన
మెలకువగా ఉన్నదాన్నే వెల్లకిలా కట్టించాడు.
తొడ ధమనిలో ఇత్తడి గొట్టం,
దాని మీద తొమ్మిదడుగుల గాజు గొట్టం.
ముడి విప్పగానే నెత్తురు లేచింది
ఎనిమిది అడుగుల మూడు అంగుళాలు.
మనిషి లెక్కన నిలువున్నర.
పైకి చేరాక కూడా కుదురు లేదు,
గుండె కొట్టినప్పుడల్లా
ఎగిరి, పడి, ఎగిరి.

అన్నీ రాసుకున్నాడు:
పద్నాలుగు బెత్తెల ఎత్తు, పద్నాలుగేళ్ల వయసు, మూపున పుండు,
ఎంత నెత్తురు తీస్తే మట్టం ఎంత దిగిందో,
ఎప్పుడు చల్లని చెమట పట్టిందో.
పేరు రాయలేదు.
ఆ నిలువున్నరలో గుండె ఎంత, భయం ఎంత?
గాజు గొట్టం విడదీసి చూపదు.

ఆయన్ని తిట్టుకోలేను,
నా తెర మీది ప్రతి అంకె అడుగునా
ఆ గొట్టం నిలబడే ఉంది.
తిట్టుకోకుండానూ ఉండలేను.

డెబ్బై ఒకటి.
డెబ్బై ఆరు.
"కుట్లు వేస్తున్నాం" అంది టామ్సిన్, తల ఎత్తకుండా.

ఐదుంబావుకి, మెత్తలు పరిచిన గదిలో
మొదటిసారి మోకాళ్ల మీద పడింది.
రెండోసారి గోడకి ఆనుకుని
కాళ్లు ఎడంగా చాపి, వణుకుతూ, నిలబడింది.
తీగలన్నీ ఎప్పుడో తీసేశాను,
ఇప్పుడు దాని రక్తపోటు ఎంతో నాకు తెలియదు.
జెత్రో లోపలికొచ్చి
పగ్గం తగిలించడం మరిచిపోయి
నేను గుచ్చిన చోటికి కొంచెం పక్కన
రెండు వేళ్లు ఆనించి
పేరు పెట్టి పిలిచాడు.

ఒక చెవి తిరిగింది.