సుద్దముక్క గుర్తు

రాత్రి పదకొండున్నర. ఉరవకొండ.
మగ్గం గుంత మీది దీపం కొండెక్కించి మా ఆయన పండుకున్నాడు.
నేనింకా కంప్యూటర్ ముందరే.
కొంగులో నెమలికి మెడ దాకా చుక్కలు నింపి
బాణాన్ని కింది మూలకు జరిపితే
మూడు మాటలు లేచి నిలబడతాయి:
షట్‌డౌన్, స్లీప్, హైబర్నేట్.
పొద్దంతా అన్నిటికీ జవాబు చెప్పే దాన్ని
ఇక్కడికొచ్చేసరికి తడబడతాను.

ఆపేయడమంటే నాకు భయం.
దీపాన్నే ఆర్పమని అనలేని ఇల్లు మాది.
పైగా అది ఆగేముందు అడుగుతుంది,
దాచుకుంటావా, వదిలేస్తావా అని.
నిద్రమత్తులో ఎవరైనా ఏం చెప్తారు?

స్లీప్, పేరు చల్లగానే ఉంటుంది.
బాలింత నిద్ర అది,
కన్ను మూసినా చెవి తెరుచుకునే ఉంటుంది.
చిన్న లైటొకటి ఆరుతూ వెలుగుతూ
పొత్తిళ్లలో ఊపిరిలాగా.
కానీ దానికీ కాస్త కరెంటు కావాల, ఉగ్గుగిన్నె అంత.
ఊరిచుట్టూ గాలిమరలు
రాత్రంతా ఎవరి కోసమో తిరుగుతుంటాయి,
మా వీధిలో మాత్రం రెండు గంటలకు కరెంటు పోతుంది.
పోయిన శ్రావణంలో అట్లే పోయింది.
యూపీఎస్ నాలుగు కూతలు కూసి గొంతు మూసుకుంది.
పదకొండు వేల చుక్కలు, ఒక హంసల వరుస.
తెల్లారి చూస్తే
ఏమీ ఎరగనట్టు నీలం తెర.

అప్పుడు చెప్పింది మూడో మాట సంగతి
నా తోటికోడలు శివలీల.
"అవ్వ గుంతలోంచి లేచేటప్పుడు
సుద్దముక్కతో గోడ మీద రాసేది, చూడలేదా నువ్వు?
ఎన్నో పేక కాడ ఆగింది,
ఏ రంగు కండె నాడెలో ఉండాది,
జాకార్డు ఏ అట్ట మీద నిలిచింది.
అంతా గోడకు అప్పజెప్పి
తల ఖాళీ చేసుకొని చాప మీద వాలితే
రాయి మాదిరి నిద్ర. ఇల్లు కూలినా లేవదు.
పొద్దున్నే గోడ చదువుకొని నాడె విసిరేది.
అంతే ఇది కూడా."

ఇద్దరం కలిసి కొన్న కంప్యూటర్ ఇది,
అనంతపురంలో, వాడిన సరుకు, పదమూడు వేలు.
బస్సులో ఒడిలో పెట్టుకొని తెచ్చినాం,
కూడేరు దాకా ఆమె, ఆ తర్వాత నేను.
గ్రాఫు కాగితం మీద బొమ్మ ఆమెది, చుక్కలు నావి.
షావుకారు ఇచ్చిన నాలుగు వేల కాడ
నేనొక మాట జారితే ఆమె రెండు విసిరింది.
ఏడు నెలలు.
గోడకు అవతలే ఉంటుంది.
వాళ్ల కుక్కరు ఎన్ని కూతలు కూసిందో చెప్పగలను.
ఎందుకు మాట్లాడటం లేదో మాత్రం
రోజూ ఒకసారి గుర్తు చేసుకోవాల్సి వస్తోంది.

అలక కూడా స్లీపే కాబోలు.
ఆరినట్టే ఉంటుంది, కరెంటు తాగుతూనే ఉంటుంది.
ఎవరింటి మీటరు తిరుగుతోందో ఇన్నాళ్లూ చూసుకోలేదు.

నెమలి మెడ కాడ ఆగిపోయి ఉంది.
ఆమె ఇచ్చిన కాగితం అంతవరకే.
తల నేనే గీద్దామని మూడు రాత్రులు కూర్చున్నా,
మూడుసార్లూ కోడిపుంజే వచ్చింది.

మూడో మాట నొక్కినాను.
లోపల కాసేపు గరగర,
ఎవరో తొందర తొందరగా రాసుకుంటున్నట్టు.
తర్వాత తెర చీకటి, లైటు చీకటి.
అవ్వ సుద్దడబ్బా ఇంకా అటకమీదే ఉంది.
చెప్పులు లేకుండా బయటికి పోయి
రెండిళ్లకూ ఉమ్మడి గోడ మీద రాసినాను:
"మెడ దాకా అయింది. ముక్కు నీది."
చెరిపేద్దామని చెయ్యి ఎత్తి,
చేతినిండా సుద్ద అయ్యేసరికి
కొంగుకు తుడుచుకొని లోపలికొచ్చినా.

రెండు గంటలకు కరెంటు పోయిందంట.
నాకు తెలీదు.