రెండుంపావు

శుక్రవారం పొద్దున, రాత్రి పని ముగించుకుని వస్తూ
యశ్వంతపురం మెట్రోలో నిలబడి చదివాను.
రెండుంపావు నక్షత్రాలు.
ఆ పావు ఎలా కోస్తారో తెలీదు,
కత్తిపీట మీద కాకరకాయ తరిగినట్టేనేమో.

"వాన బాగుంది. అడవి బాగుంది.
ఎలుగు పిల్ల కళ్ళలో మాత్రం ఎవరూ లేరు."

అంత పేజీలో నాకు మిగిలినవి ఈ మూడు వాక్యాలు.
మూడోది నాది.

పద్నాలుగు నెలలు ఆ కళ్ళే నా ఉద్యోగం.
జయనగర నాలుగో బ్లాకులో నలభై రూపాయలకి కొన్న చేతి అద్దం
కంప్యూటరుకి ఆనించి పెట్టుకుని
అది తల్లిని వెతికే చోట నేనూ బిత్తరచూపులు చూసేదాన్ని,
తేనె దొరికిన చోట నేనూ రెప్పలార్పేదాన్ని.
పక్క కుర్చీలో ఫారూఖ్ పని బొచ్చు.
ఒక్కో వెంట్రుకా గాలికి విడిగా కదలాలి.
"టీకి పిలిస్తే కరిచేట్టున్నావే నీలవేణీ" అనేవాడు.
కిందటి మార్చిలో హిందూపురం నుంచి ఫోనొచ్చి
పద్దక్క పోయిందన్నప్పుడు
అద్దం ఎదురుగానే ఉంది.
చూశాను.
ఆ చూపు గుహ సీనులో వాడుకున్నాను, పదిహేడు సెకన్లు.
దాని గురించి ఇంకేం చెప్పను.

ఆఫీసు గుంపులో ఆ రోజంతా ఎవరూ పలకలేదు.
ఫారూఖ్ ఒక్కడే విడిగా రాశాడు:
"బొచ్చు మాటే ఎత్తలేదు చూశావా.
నీది కనీసం చూశాడు."

శనివారం జాలహళ్ళి క్రాస్ దగ్గరి మాల్‌కి
మా ఇంటి ఓనరు శాంతక్కని, ఆమె మనవణ్ణి తీసుకెళ్ళాను.
నెల నుంచీ టికెట్లడిగిన మనిషి
"స్టార్లు కమ్మి అంట గదమ్మా" అంది నెమ్మదిగా.
పాప్‌కార్న్ కూడా చిన్నది చాలంది.

పెళ్ళికి పోతూ పిల్లిని చంకనెత్తుకున్నట్టు
అందరూ ఆ మూడో వాక్యాన్ని వెంట తెచ్చుకున్నారు.
గేటు దగ్గర నీళ్ళ సీసాలు తీయించారు గాని
దాన్నెవరూ తీయించలేదు.

వాన రాగానే హాలంతా ఆహా అంది.
బాగుంటుందని ముందే చెప్పారు కదా.
నిజానికి ఆ వానలో తప్పుంది,
ఎడమ వైపు రాతి మీద పడే చినుకులకి నీడల్లేవు,
గడువు ముంచుకొచ్చి వదిలేశాం.
ఒక్కరికీ కనపడలేదు.

గుహ వచ్చింది.
వెనక వరసలో ఒకమ్మాయి, మన తెలుగే,
పాఠం ఒప్పజెప్పినట్టు
"చూడు, కళ్ళలో ఎవరూ లేరు" అంది పక్కవాడితో.
వాడు ముందుకి వంగి మరీ చూశాడు, లేనివాళ్ళ కోసం.

నేనూ చూశాను.
నాకూ రెండు గాజు బొత్తాలే కనిపించాయి.
పద్దక్క లేదు, నేను లేను, అద్దం లేదు.
ఆయన రాసింది నిజమో
ఆయన రాశాక నిజమైందో
తేల్చుకుందామంటే, చదవకముందటి కళ్ళు
నాకిక దొరకవు.

కోపమేం లేదు నందగోపన్ గారి మీద.
ఏడాదికి మూడు వందలు చూస్తాడట,
చీకట్లో చేతి తడుముకి రాసుకుంటాడట.
కిందటేడు ఆయన నాలుగు వేసిన చేపల బొమ్మల సినిమాకి
నేనే ముగ్గురికి టికెట్లు తీశాను.
ఇంటర్వెల్ దాకా కునికిపాట్లు పడి
బయటికొచ్చి, ఎంత బాగుందో అన్నాను.
అప్పుడా చేపల కళ్ళు ఎవరు గీశారో
నాకు తోచనైనా లేదు.

తిరుగు ఆటోలో మనవడు ఒళ్ళో నిద్రపోయాడు.
శాంతక్క చాలాసేపు రోడ్డు చూసి
"అందులో నీ పని ఏదమ్మా?" అంది.

"వాన" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది.
నా చెయ్యి గట్టిగా నొక్కి
"అయితే ఆ పావు నీదే అయ్యుంటుంది" అంది.