ఊరికే

గుడిపాల దాటినాక రోడ్డు మీద గీత కూడా ఉండదు.
బోర్డుల మీది అక్షరాలు గుండ్రం విడిచి
మూలలు తిరుగుతాయి, అంతే,
రాష్ట్రం మారిపోయిందని అర్థం.
రోజుకు నాలుగు తూర్లు దాటతా ఉండా,
భుజాన టికెట్ మిషనుతో, పన్నెండేళ్లుగా.
ఒక్కడన్నా "యాడికి మే?" అని నన్ను అడగలేదు.
నేనే అడుగుతా అందరినీ.

పోయిన మామిడి కాలంలో
గుజ్జు ఫ్యాక్టరీ ముందర బస్సు మొరాయిస్తే చూసినా,
నీలం డ్రమ్ముల మీద ఒక ఊరి పేరు.
లోడెత్తే పిల్లోడు కూడబలుక్కోని చదివినాడు.
బుగ్గన పెట్టుకున్న కలకండ మాదిరి ఆ పేరు
వేలూరు పొయ్యేదాకా కరగలేదు.
మన తోతాపురి పోతా ఉండాది ఆడికి,
టెంక లేకుండా, తొక్క లేకుండా,
కాయితాలన్నీ సక్రమంగా పెట్టుకోని.
నేనెందుకు పోకూడదు?

దర్గా సర్కిల్ కాడ అఫ్రోజ్ జిరాక్స్ అంగడి.
పద్నాలుగు పేజీల ఫారం.
ఎం. రెడ్డెమ్మలో ఎం అంటే ఏందక్కా?
మా నాయన పుట్టిన పల్లె, ఇప్పుడు ఎవరూ లేరు అన్నా.
దాన్నే పట్టుకొచ్చి ఇంటిపేరు గడిలో కూర్చోబెట్టినాడు.
మొగుని పేరు?
లేడు.
లేడంటే, పొయినాడా, వదిలేసినాడా?
చేసుకోలేదు.
ఆ మూడో జవాబు ఫారానికి మింగుడు పడలేదు,
అడ్డంగా గీత కొట్టి తిప్పేసినాడు.

ఫోటోకు పోతే డిల్లీబాబు నవ్వినాడు.
పాస్‌పోర్టులో నూనె పెట్టి దువ్విన జుట్టు,
నెత్తిన వడ్లనారు మాదిరి మొలక.
తమ్ముని గుండె ఆపరేషనుకు మొక్కుకున్న మొక్కు,
ఆషాఢంలో తీర్చినా.
"ఇద్దరూ ఒకరేనని ఎట్ల నమ్ముతారక్కా?"
కొండ మీద ఆయన నమ్మినాడే.
"ఆయన ఎంబసీలో కూర్చోలేదు కదా."
మూడు నెలలు ఆగినా, దువ్వెనకు అందేదాకా.

తిరిగి వస్తావని రుజువు కావాలంట.
దీనికి మా పక్క కాణిపాకం ఉండాది.
కోనేట్లో మునిగి తడిగుడ్డల్తో నిలబడి చెప్తే
దొంగోడి మాటకైనా ఊరు తల ఊపుతుంది.
వాళ్లకు ఆర్నెల్ల బ్యాంకు లెక్క కావాల.
నా లెక్కలో ఏముండాది,
స్కూటరు కంతు, చీటీ కంతు,
చీటీ ఎత్తిన నెల మాత్రం రెండు దినాలు రాణి బతుకు.
డిపో మేనేజరు సెలవు కాయితం మీద సంతకం పెడతా పెడతా
"ఒంటిగానా? టూరు కంపెనీ లేకుండానా?
కాశీకి పోరాదా, రైలుంది" అన్నాడు.

ఇంత అయినాక అఫ్రోజ్ నిదానంగా చెప్పినాడు,
అక్కా, ఒంటిగా పొయ్యేవాళ్లను
ఆడి నుంచి ఎవరన్నా పిలవాల.
పిలుపు కాయితం లేకుంటే గడప దాటనియ్యరు.

పిలవని పేరంటానికి పోరాదని
మా అవ్వ చెప్పింది, నిజమే.
ముక్కూ మొగం తెలియని ఊర్లో
నాకు బొట్టు పెట్టి పిలిచేది ఎవరు?
ఆ డ్రమ్ములకు ఎవరు పెట్టినారు?

దుడ్డు కడితే పిలిచేవాళ్లు ఉండారంట.
కట్టినా.
పందొమ్మిది దినాలకు వచ్చింది,
ఊదారంగు సీలు, ఎవరో ఒకామె సంతకం,
ఆహ్వానితులు: మిస్టర్ రెడ్డెమ్మ.

అఫ్రోజ్ నెత్తి పట్టుకున్నాడు.
మళ్లా రాయాల, మళ్లా కట్టాల.
నేను ఆ కాయితం ఇంటికి తెచ్చి
నాలుగు మూలలా పసుపు పూసి
పెండ్లి కార్డుల సందులో దోపినా.
అవన్నీ తమ్ముని పేరు మీద, సకుటుంబంగా వచ్చినవి.
ఇది నా ఒక్కదానికే వచ్చింది,
మొగోణ్ణి చేసి పిలిచినా సరే.

రెండో ఫారం నిండింది, ఒక గడి తప్ప.
ఎందుకు పోతా ఉండావు?
వ్యాపారమా, వైద్యమా, చుట్టాలా, చదువా?
ఊరికే అని రాయి అన్నా.
"ఊరికే అనేదానికి ఇంగ్లీషులో మాట లేదక్కా."
బయట మొగిలప్ప హారన్ కొడతా ఉండాడు.
ఎదుకులాడు నాయనా,
వేలూరు ట్రిప్పు కొట్టుకోని వస్తా.