గడి

తార్నాక ఆఫీసులో రాత్రి పన్నెండున్నర.
ఏసీ చలికి చున్నీ చెవులదాకా లాక్కుని
సైలస్ హోల్‌బ్రుక్‌ను కొడుతున్నాను
కీబోర్డు మీద, ఒక్కో అక్షరం.
పద్దెనిమిది వందల ముప్పై జనాభా లెక్కలు.
ఎవరిదో తొందర చేతిరాత,
అంచున ముంజేతి చెమట మరక.

ఇంటి యజమానికి పేరుంది.
పెళ్లానికి లేదు, పిల్లలకు లేదు, వయసులవారీగా అంకెలే.
కుడిపక్క పేజీకి పోతే
బానిసలు.
పదేళ్లలోపు ఆడ, రెండు.
పది నుంచి ఇరవై నాలుగు, ఒకటి.
ముప్పై ఆరు దాటిన మగ, ఒకటి.
ఆ పైన గళ్లన్నీ ఖాళీ.
ముసలితనం దాకా ఎవరూ రాలేదేమో,
వచ్చేలోపే అమ్మేశారేమో.

ఫసీ భాయ్ మొదటి రోజే చెప్పాడు:
"పేర్లే కొట్టాలె. కుడిపక్కకు పోవద్దు,
క్లయింటు దానికి పైసలియ్యడు."
గంటకు అరవై ఇండ్లు. రెండు తప్పులైతే వార్నింగు.
నేను కుడిపక్కకు పోతాను.
నిమిషం పోతుంది. పోనీ.

ఆ రెండు మీద సిరా మందంగా ఉంది.
ముందు ఒకటి రాసి, దిద్దాడు.
గుర్రం ఎక్కబోతూ ఆగాడా?
కట్టెల మోపు చాటునుంచి
ఇంకో పిల్ల బయటికొచ్చిందా?

మా అవ్వ బయటికి రాలేదు.
బూదవ్వ.
దొరబిడ్డ వెంట, ఇత్తడి బిందెల వెంట, పట్టెమంచం వెంట
ఆడబాపగా పంపితే
ఆలేరులో రైలెక్కి సికింద్రాబాదులో దిగింది.
తొమ్మిదేళ్లట. పదేమో కూడానట.
నారాయణగూడ బంగ్లాకు లెక్కలాయన వచ్చిననాడు
దొరసాని అన్నదట,
"బొగ్గుల కొట్ల కూసో. దగ్గకు."
దగ్గలేదు.
తలుపు సందులోంచి ఆయన టోపీ చూసింది,
పెన్సిలు చెవిమీద పెట్టుకోవడం చూసింది.
ఎనభై ఏళ్లప్పుడూ ఈ ముచ్చట చెప్పి
నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది,
నవ్వుకో, దగ్గుకో.

ఆ ఇంటిని గడి అనేది.
పట్నంలో గడి ఏందవ్వా, బంగ్లా అనంటే
"నాకు గడే" అనేది.
నా తెరమీదా గళ్లే.
అంకెగానైనా ఒకదాంట్లో ఉంటే
ఆమెకు నయమయ్యేదా?
హోల్‌బ్రుక్ ఇంట్లో ఆ రెండో పిల్లనడిగితే
ఏమనేదో.

"ఏందమ్మా, స్లో అయినవ్?"
ఫసీ భాయ్ చేతిలో చాయ్ ఆవిరి.
సేవ్ నొక్కాను.
రికార్డు పూర్తి, అంది మెషీన్. ఇండ్లు: ఒకటి.

తెల్లారి క్యాబు నారాయణగూడ సిగ్నల్ దగ్గర ఆగింది.
బంగ్లా ఉన్నచోట ఇప్పుడు డయాగ్నస్టిక్ సెంటరు,
పరగడుపున రక్తమియ్యడానికి లైను,
చేతుల్లో టోకెన్లు.
అలవాటుకొద్దీ లెక్కపెట్టాను. పదకొండు.
డ్రైవరు గేరు వేస్తుంటే
ఒకామె చీర చాటునుంచి
బొటనవేలు చీకుతూ ఓ చిన్నపిల్ల ఇవతలికొచ్చింది.

పన్నెండు.