చెప్పులు అక్కడే వదలండి

చెప్పులు అక్కడే వదలండి, గడప కింద.
మీరు లోపలికి నాలుగడుగులు వేసేలోపు
గెంకిచి తాత వాటి ముఖం వీధివైపు తిప్పేస్తాడు.
వెళ్లిపొమ్మని కాదు,
వెళ్లేరోజు మీరు తడుముకోకూడదని.
మడమ ఏ పక్క అరిగిందో చూసి
మనిషి ఏ పక్కకి ఒరిగి బతుకుతున్నాడో చెబుతాడు.
నన్నడిగితే, సరిగ్గానే చెబుతాడు.

నడవాలో ఈ మెత్తటి జోళ్లు తొడుక్కోండి.
చాపగది రాగానే అవీ విప్పేయాలి.
గడ్డి చాప, మొన్న శరత్కాలంలో మార్చాం,
ఇంకా పచ్చివాసన పోలేదు.
మరుగుదొడ్డికి వేరే జత ఉంది.
వాటితోనే భోజనానికి వచ్చేసిన పెద్దమనుషులు ఎందరో.
నవ్వను.
మోకాళ్ల మీద కూర్చుని చేపముక్క వడ్డిస్తూ
వాళ్ల కాళ్లకేసి చూడకుండా ఉండడం
నాకు ముప్పై ఒక్కేళ్ల అలవాటు.

గోడలో ఆ గూడు ఖాళీ అనుకోకండి.
ఒక కొమ్మ ఉంది, సిరాతో రాసిన ఒకే ఒక్క అక్షరం ఉంది.
పెట్టె మాత్రం ఇటు పెట్టండి, మీకు పుణ్యముంటుంది.

ముందు టీ. ఆ ఎర్ర గింజల తీపి ముద్ద కూడా.
మర్యాదకి కాదు,
ఖాళీ కడుపుతో వేడి మడుగులో దిగితే కళ్లు తిరుగుతాయి.
బయట చిన్న పీట ఉంటుంది, దాని మీద కూర్చుని
ఒళ్లు రుద్దుకుని, సబ్బంతా పోయాకే దిగండి.
మడుగు కడుక్కోడానికి కాదు, ఊరికే ఉండడానికి.
సిగ్గంటారా,
ఆవిరి అందరికీ ఒకటే బట్ట కడుతుంది.

ఈ నూలు అంగీ కట్టుకునేటప్పుడు
కుడి అంచు లోపలికి, ఎడమ అంచు పైకి.
తిరగేస్తే అది పోయినవాళ్ల కట్టు.
మీరు అలా వస్తే ఏమీ అనను.
"చలిగా ఉంది కదండీ" అంటూ నడవాలో ఆపి
మాటల్లో పెట్టి సరిచేసేస్తాను.
మా అమ్మకి ఆ తిరగేసిన కట్టు కట్టింది ఈ చేతులే.
అందుకే వేళ్లు కాస్త తొందరపడతాయి,
ఏమీ అనుకోకండి.

భోజనం ఆరింటికి.
మీరు తింటుండగానే పరుపు వేసేస్తాం,
చూసి కంగారుపడకండి, దొంగలం కాదు.
పొద్దున దాన్ని మడిచి పెట్టకండి.
మీరు మడిస్తే, మీరెళ్లాక మేం విప్పి మళ్లీ మడవాలి.
చేతిలో డబ్బు కుక్కకండి,
మీ వెనకే పరిగెత్తుకొచ్చి తిరిగిచ్చేయాల్సొస్తుంది,
నా మోకాళ్లు ఒకప్పటివి కావు.

ఇన్ని చెబుతున్నానా,
నాకేం తెలుసని?
కిందటేడు మాఘంలో మంచుకి కనుమ మూసుకుపోయింది.
ఒక్క గదిలోనూ మనిషి లేడు.
యజమానురాలు తజుకో గారు
ఏమనుకుందో ఏమో, "కినుయే, ఇవాళ నువ్వు
ఏటివైపు గదిలో పడుకో" అంది.

వెళ్లాను. కూర్చున్నాను.
ఎటు ముఖం పెట్టి కూర్చోవాలో తెలియలేదు.
టీ ఎవరు పోస్తారా అని చూసి, నేనే పోసుకున్నాను.
పరుపు నేనే వేసుకున్నాను, దుప్పటి మూలలు సర్ది,
దాని పక్కన చాప మీద పడుకున్నాను.
అర్ధరాత్రి దాటాకగానీ పైకి ఎక్కలేదు.
ఇన్నేళ్లు పక్కగుండా నడిచిన ఏరు
రాత్రంతా రాళ్లు దొర్లిస్తుందని
అప్పుడు విన్నాను.

తెల్లవారగానే ఏం చేశాననుకున్నారు?
మడిచేశాను. మూడు మడతలు.
ఎవరో తిట్టినట్టు మళ్లీ విప్పి
నలిగినట్టే వదిలేసి కిందికొచ్చాను.

మేం వెనక గుమ్మంలోంచి వస్తాం, పోతాం.
ఆ రోజు అక్కడ నా రబ్బరు బూట్లు లేవు.
వెతికితే,
ముందు గడప కింద,
మంచు తుడిచి,
ముఖం వీధివైపు తిప్పి ఉన్నాయి.
తాత పొయ్యిలో బొగ్గులు ఎగదోస్తూ
నాకేసి చూడనే లేదు.
ఎడమ మడమ బాగా అరిగిందని మాత్రం అన్నాడు.

సరే, పైకి రండి, మెట్టు ఎత్తు, జాగ్రత్త.
భోజనం ఆరింటికి.
ఆరున్నరకి కాదు.