ముంగటి బ్రేకు

ఆదివారం. ఎనుమాముల యార్డుకు సెలవు.
నిన్నటిదాక మిర్చి బస్తాలున్న సిమెంటు నేల మీద
ఇయ్యాల నారింజరంగు ప్లాస్టిక్ టోపీలు నిలబెట్టిన్రు.
వాటి నడుమ సుద్దముక్కతోని వంకర గీతలు,
పిల్లలు తొక్కుడుబిళ్ళకు గీసుకున్నట్టు.

హెల్మెట్ల తుమ్మితే ఎట్లుంటదో
మిర్చియార్డుల బండి నడిపినోనికే తెలుసు.

పదిహేడు మందిమి.
కొరియర్ పిల్లలు, పరకాల ట్రాక్టర్ మెకానిక్కు,
నైట్ డ్యూటీ దిగి నేరుగ వచ్చిన కానిస్టేబుల్ స్వరూప.
నేను విత్తనాల ఏజెంటును, ఇరవైరెండేండ్ల సంది.
ములుగు, భూపాలపల్లి, ఏటూరునాగారం,
ఏ మూలమలుపు ఏ చెట్టు సాటుకు దాక్కుంటదో ఎరుగుదును.
ఫీజు కంపెనీ కట్టింది. లేకుంటే రాకపోదును.

నేర్పేది ఫిలోమినా, కాజీపేట రైల్వే క్వార్టర్ల పిల్ల.
ముప్పై దాటలె. మోచేతి మీద అరచేయంత మచ్చ,
చెన్నై ట్రాక్ మీద పడ్డప్పటిదట.
మైకు లేదు. గొంతు చాలు.
"ముంగటి బ్రేకు ఎంతమంది పడుతరు?"
ఒక్క చెయ్యి లేవలె.

ముట్టకురా, పల్టీ కొడ్తవ్ అన్నడు మా చిన్నాయిన.
ఆయనకు ఆయన సేటు చెప్పిండట.
సేటుకు ఎవలు చెప్పిన్రో.
ఇరవైరెండేండ్లు ఆ లివరు మీద దుమ్ము తుడిచిన గని
భయంతోని వేలు పెట్టలె.

"నిమ్మకాయ పిండినట్టు పిండాలె.
రసం రావాలె, గింజ పగలొద్దు."

మొదటిసారి గింజ పగిలింది. కాలు మోపి నిలదొక్కుకున్న.
నాలుగోసారికి బండి ముంగటికి వంగింది,
నీళ్ళ తొట్టికాడ ఎద్దు వంగినట్టు,
వంగి, ఆగింది.

అడుగులేసి కొలువుమన్నది.
ఎన్క బ్రేకొక్కటే అయితే ఇరవై ఆరు.
రెండూ కలిపితే పద్నాలుగు.
పన్నెండడుగులు మిగిలినయి.
ఆ పన్నెండడుగులను చూసుకుంట
బువ్వ టైముదాక అక్కడిక్కడ తిరిగిన.

పగటీలి మలుపులు.
బాట నడిమిట్ల ఒక ఇటుక పెడ్ల పెట్టింది.
"దీన్ని తప్పించుకొని పోండ్రి."
మెకానిక్కు నేరుగ పోయి దానికే తగిలిండు. అందరం నవ్వినం.
నేను మూడుసార్లు తగిలిన.
మూడోసారి ఎవ్వలు నవ్వలె.
"సారూ, ఇటుకను చూస్తున్నరు.
చూపు ఎటు పోతే బండి అటే పోతది.
సందును చూడుండ్రి."

గప్పుడు యాదికొచ్చిండు ఓదెలు.

హసన్‌పర్తి దాటినంక, ఆగి ఉన్న ఇసుక లారీ.
పక్కన బర్ల మంద పోయేంత జాగ.
గంత జాగ పెట్టుకొని పోయిపోయి లారీకే ఎట్ల తగిలిండని
దినాలనాడు ఒక్కొక్కలు ఒక్కో మాట.
తాగి ఉంటడని ఎవలో అంటే
అందరికీ సమాధానం దొరికినట్టయింది.
తాగలె. ఆ పూట నా ఎదురుంగ చాయి తాగిండు,
చక్కెర ఎక్కువైందని సగం పారబోసిండు.
కాదని అనొచ్చు నేను.
అంటే, మరెట్లైందో చెప్పాలె.
నాకు తెల్వకపోయె.

లారీని చూసిండు వాడు.
గంతే.
తగలొద్దు తగలొద్దనుకుంట దాన్నే చూసిండు.

మళ్ళ బండెక్కిన.
ఇటుకను వదిలేసి ఆవలి టోపీని చూసిన.
ఇటుక ఎప్పుడు ఎన్కకు పోయిందో తెల్వలె.

సర్టిఫికెట్లు ఇచ్చిన్రు. స్వరూప సెల్ఫీ దిగింది.
నేను హనుమకొండల ఇంటికి పోక
కరీంనగర్ రోడ్డు పట్టిన.
నాలుగేండ్ల సంది వాని ఇంటి ముంగట
గేరు దించకుండ పోయేటోన్ని.
అరుగు మీద లైటుంటది, చూడకపోయేది.

మెల్లగ, నిమ్మకాయ పిండినట్టు.
బండి వంగి, గేటుకు జానెడు దూరంల ఆగింది.

"ఎవలది?" అన్నది రాజేశ్వరి లోపలికెళ్ళి.
చెప్పబోతే
తుమ్మొచ్చింది.