మూడో ట్రిప్పు

రాత్రి పదకొండుకి గ్రూపులో మెసేజి:
రేపు సాయంత్రం అయిదులోగా మార్కులు ఎక్కించని బడులకి
మెమో.
దాని కింద పన్నెండు నమస్కారాలు.
నేనూ ఒకటి పెట్టి పడుకున్నాను.

పొద్దున ఏరు దాటుతుంటే
గోదారి మధ్యలో ఒక్కచోటే సిగ్నలు.
పడవ అక్కడ ఆగదు.
పెసంగి నూకరాజు గెడ వేస్తూనే అడుగుతాడు
"ఏటండీ టీచరుగారూ, అవ్వలేదా ఇంకా పరీక్షలు?"
పిల్లలవా, నావా అని అడగడు.
అడిగినా చెప్పలేను.

లంకలో మా బడికి రెండు గదులు,
ఇరవైముగ్గురు పిల్లలు, నేను.
ముందు మరుగుదొడ్డి ఫోటో,
తర్వాత గుడ్ల ఫోటో, చిక్కీల లెక్క,
ఆనక నా మొహం ఫోటో
(వచ్చానని నేనే నమ్మించుకోవాలి).
మిగిలితే, పాఠం.

మూడు వారాలుగా పాఠం కూడా కాదు.
సున్నాలు నింపడం.
పెన్సిలు ముదురుగా ఉండాలి, గీత దాటకూడదు,
రెండు దిద్దితే రెండూ పోతాయి.
అ ఆలు దిద్దించిన చేత్తోనే
సున్నాలు దిద్దించాను.
పద్యాలు పరీక్షలో రావు కనక పద్యాలు ఆపేశాం.
ఒకడు అడిగాడు కూడా,
"మళ్ళీ ఎప్పుడు పాడతామండి?"
సంక్షిప్తంగా జవాబు చెప్పాను: కూర్చో.

ఓలేటి గంగాభవాని, నాలుగో తరగతి.
తెల్లారగట్ల మూడింటికి అమ్మతో షెడ్డుకి పోతుంది
రొయ్య తలలు గిల్లడానికి.
ఐసుకి నాని వేళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడి ఉంటాయి.
కేజీకి ముప్పై తూగితే ఎంత, యాభై తూగితే ఎంత,
మేస్త్రీ ఎంత కోసుకున్నాడో
నేను చాక్‌పీసు తీసేలోపు నోటితో చెప్పేస్తుంది.
కాగితం మీద మాత్రం సి గ్రేడు.
రెండో పీరియడుకి నిద్రపోతుంది.
లేపుతాను.
లేపిన ప్రతిసారీ నా చెయ్యి నాకే బరువు.

పదిహేడో ప్రశ్న:
పడవలో పన్నెండు మంది పడతారు.
ముప్పై మంది ఏరు దాటాలి.
పడవ ఎన్నిసార్లు వెళ్ళాలి?
కీలో మూడు.
భవాని రెండు దిద్దింది, కాగితం చిరిగేంత గట్టిగా.

పిలిచి అడిగాను.
"మూడోసారికి పాటు వచ్చేత్తాదండి.
పడవ ఇసక మేట మీద కూకుండిపోద్ది.
ఆరుగురు రేపెల్తారండి."

ప్రశ్న రాసినాయన ఏ మేడ మీద
ఏ ఫ్యాను కింద కూర్చుని రాశాడో,
ఆయన ఏటికి పాటు లేదు.

సొరుగులో రబ్బరుంది.
మొన్న మీటింగులో హెడ్మాస్టరుగారు టీ గ్లాసులోకి చూస్తూ
"కొంచెం చూసుకోండమ్మా" అన్నారు.
పక్క లంక బడికి వంద శాతం.
అక్కడి అచ్యుతవల్లి మేడం
నాతో కళ్ళు కలపడం మానేసింది.
రెండు చెరిపి మూడు దిద్దడం ఎంతసేపు!
రబ్బరు తీశాను. చూశాను. మళ్ళీ పెట్టేశాను.
ధైర్యం అనుకోకండి,
చెయ్యి రాలేదు, అంతే.

తప్పు అని ఎక్కించాను, ఈ వేలితోనే.
వెనకబడినవారు: ఆరుగురు.
కారణం ఎంచుకోమంది ఫోను.
గైర్హాజరు. ఆసక్తి లేకపోవడం.
తల్లిదండ్రుల నిర్లక్ష్యం. ఉపాధ్యాయుని లోపం.
పాటు అనే మాట లేదు.
రేపు అనే గడి లేదు.
ఆరుసార్లూ నాలుగోదే నొక్కాను.
మిగతావి పిల్లల పేర్ల పక్కన ఉండకూడదనిపించింది.

సిగ్నలు దొరికేసరికి అయిదుంబావు.
రేవుకొస్తే నీరు తీసేసింది.
పడవ మేట మీద ఒరిగి ఉంది,
నూకరాజు దాని నీడలో వల బాగుచేసుకుంటున్నాడు.
"ఇంక రేపేనండి."

ఏటిగట్టు మీద గంగాభవాని,
చంకలో తమ్ముడు.
నవ్వలేదు. చెప్పాను కదా అనలేదు.
"మాయింటికి రండి టీచరుగారండి.
రొయ్యలుండవండి, అయ్యి ఎక్స్‌పోర్టుకి.
పప్పుచారు."